రాబందుకూ ఘరియల్‌కూ ఒకే వైద్యమా? పర్యావరణ మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితా ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో తెల్లవీపు రాబందుదీ ఘరియల్ మొసలిదీ ఒకటే మెట్టు. అడవిలో పూర్తిగా కనుమరుగు కావడానికి సరిగ్గా ముందు మెట్టు అది. మన వన్యప్రాణి చట్టంలోనూ రెండూ గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. కాగితం మీద ఒకటే జబ్బు. చిక్కంతా అక్కడే ఉంది.

రాబందుల సంగతి చూడండి. 1992లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలింది. ఎవరూ వేటాడలేదు, అడవి నరకడం వల్లా కాదు. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చంపింది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తిన్న రాబందుకు కిడ్నీలు పాడై కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో మందున్నా చాలు, ఎందుకంటే దాని మీద గుంపంతా వాలుతుంది. జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే, ఇక పూడేదెలా? 2006లో పశువులకు డైక్లోఫెనాక్ ఆపారు. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువులకు చేరుతుంటే 2015లో వాటికీ అడ్డుకట్ట వేశారు. అంతే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందుల్ని పశువులకు ఆపేసరికి 2023 వచ్చింది. పదిహేడేళ్లండీ! పైగా ఈ మందుల ఫైళ్లు మీ శాఖవి కావు, ఆరోగ్య శాఖవి.

ఘరియల్‌కు ఏ మందూ శత్రువు కాదు. 1975 నుంచి గుడ్లు ఏరి పొదిగించి, పిల్లల్ని పెంచి వేలల్లో నదుల్లోకి వదిలారు. అయినా ఇవాళ చాలా వరకు చంబల్ నదిలోనే కనిపిస్తాయి. వదిలిన నది బాగుండాలి కదా. వేసవి మొదట్లో ఆడది గుడ్లు పెట్టేది ఇసుక తిన్నెలో. ఆ ఇసుకే లారీలెక్కి పోతోంది. డ్యాములు నీళ్లు పట్టేస్తాయి, మిగిలినచోట వలలు.

అందుకే రెండు వేర్వేరు విన్నపాలు. పశువుల నొప్పి మందు ఏది కొత్తగా వచ్చినా, రాబందుకు హాని లేదని తేలాకే లైసెన్స్ ఇచ్చేలా ఆరోగ్య శాఖతో కూర్చుని రూలు తెప్పించండి. రాబందుకు హాని చేయని నొప్పి మందు మెలాక్సికామ్ ఎలాగూ ఉంది, పశువుల డాక్టర్లకు ఇబ్బంది ఉండదు. ఘరియల్ కోసమైతే చంబల్‌లో ఎండాకాలం ఎంత నీరు ఉండాలో లెక్క కట్టి వదిలించండి. మార్చి నుంచి జూన్ దాకా, పిల్లలు బయటికొచ్చేవరకు, గూళ్లున్న తిన్నెల మీదికి ఒక్క ట్రాక్టర్ కూడా దిగకుండా చూడండి.

ఇట్లు,
ఒక పౌరుడు