ఏ ఊరి అల్ అహ్లీ?

సంపాదకుల వారికి,

అరబ్ ఫుట్‌బాల్ వార్తల్లో 'అల్ అహ్లీ' అని రాసి ఊరి పేరు వదిలేస్తే ఒక క్లబ్బు ఘనత ఇంకో క్లబ్బు ఖాతాలో పడిపోతుంది. అరబ్బీలో ఆ మాటకు 'జాతీయ' అని అర్థం. కైరో, జెడ్డా, దోహా, ట్రిపోలీల్లో ఆ పేరుతో వేర్వేరు జట్లున్నాయి. 2025 మే 3న ఆసియా క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచింది ఆకుపచ్చ జెర్సీ వేసుకునే జెడ్డా జట్టు. 1937లో పుట్టిన ఆ క్లబ్బు 2022లో రెండో డివిజన్‌కు జారిపోయింది. మళ్లీ పైకొచ్చాక, 2023లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి దానిలో 75 శాతం వాటా తీసుకుంది.

ఎర్ర జెర్సీ జట్టు కైరోది. 1907 ఏప్రిల్ 24న, ఈజిప్టు బ్రిటిష్ వారి చెప్పుచేతల్లో ఉన్న రోజుల్లో, విద్యార్థులు కలుసుకునే చోటుగా మొదలైంది. ఇప్పటికీ అధ్యక్షుణ్ణి సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ 12 సార్లు గెలిచింది; తర్వాతి స్థానంలో ఉన్న జమాలెక్ (ఇదీ ఈజిప్టుదే), కాంగో క్లబ్బు మజెంబేలకు చెరో అయిదే. కొన్ని పట్టికల్లో ఈ 12 కాస్తా 10 అవుతుంది. 1997కు ముందు ఆ టోర్నీకి వేరే పేరుండేది కాబట్టి 1982, 1987 కప్పులను వదిలేస్తారు. అది తప్పు లెక్క. క్లబ్ ప్రపంచ కప్పు తేదీల్లోనూ జాగ్రత్త అవసరం: 2020, 2021 కాంస్యాలు ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆడి గెలిచినవి.

అంకెలకు అందనివి రెండున్నాయి. 2006 ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను రెండు మ్యాచ్‌లుగా ఆడారు; తొలిది కైరోలో 1-1. ట్యునీషియాలో రెండోది 0-0గా ముగిస్తే, బయటి మైదానంలో కొట్టిన గోలు లెక్కన కప్పు ట్యునీషియా క్లబ్బు స్ఫాక్సియన్‌దే. 92వ నిమిషంలో కైరో ఆటగాడు అబూ త్రికా ఎడమకాలితో కొట్టిన గోలు దాన్ని కైరోకు తెచ్చింది.

రెండోది తలచుకుంటేనే మనసు కలుక్కుమంటుంది. 2012 ఫిబ్రవరి 1న ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో అక్కడి క్లబ్బు అల్ మస్రీతో మ్యాచ్ ముగియగానే, కైరో జట్టు అభిమానులపై అల్ మస్రీ అభిమానులు దాడి చేశారు. బయటికి పోయే గేటుకు తాళం ఉండటంతో ఎంతోమంది తొక్కిసలాటలో నలిగిపోయారు. 74 మంది ప్రాణాలు పోయాయి. దేశంలో లీగ్ ఆగిపోయింది. వారం వారం ఆడే మ్యాచ్‌లు లేక ఆటగాళ్లకు లయ తప్పాలి. అయినా నవంబరు 17న ట్యునీషియా గడ్డ మీద అక్కడి క్లబ్బు ఎస్పెరాన్స్‌ను 2-1తో ఓడించి ఆఫ్రికా కప్పు ఎత్తారు. అరబ్ క్లబ్బుల చరిత్రలో ఇంతకు మించిన గెలుపు లేదని మా అభిప్రాయం.

కాబట్టి మీ క్రీడా పేజీకి మా మనవి ఒక్కటే: పేరు పక్కన ఊరు వేయండి. ఊరు తెలియకపోతే టోర్నీ చూడండి. ఆఫ్రికాదైతే కైరో, ట్రిపోలీ లాంటి ఊళ్లలో ఏదో సరిచూడాలి. ఆసియాదైతే అది కైరో జట్టు కానే కాదు.

ఇట్లు,
ఫుట్‌బాల్ అభిమానులు, హైదరాబాద్