టెస్ట్‌ట్యూబ్ బిడ్డలు హరామ్ అని ఎవరన్నారు?

సంపాదకులకు నమస్కారం.

సంతాన చికిత్సల మీద పోయిన వారం మీరు వేసిన పూర్తి పేజీ వ్యాసంలో, ఇస్లాం టెస్ట్‌ట్యూబ్ పద్ధతిని ఒప్పుకోదని ఒక్క వాక్యంలో తేల్చి పారేశారు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షేక్ జాద్ అల్ హఖ్ దాన్ని అనుమతిస్తూ ఫత్వా ఇచ్చింది 1980 మార్చిలో. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డకు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ కబురు మీ డెస్కుకు చేరడానికి ఇంకెన్నేళ్లు కావాలో!

ఒప్పుకోనిది మూడో మనిషిని. వీర్యం భర్తది, అండం భార్యది, మోసే గర్భమూ ఆమెదే కావాలి. అదీ నిఖా నిలిచి ఉన్నంతకాలమే. 1986లో అమ్మాన్‌లో ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల సంస్థ అయిన ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతులు ముందు పెట్టుకుని రెండింటికే సరేనంది: భర్త వీర్యాన్ని భార్య గర్భంలోకి ఎక్కించడం, ఆ ఇద్దరి పిండాన్ని బయట తయారుచేసి ఆమెలోనే పెట్టడం. అద్దె గర్భం సంగతి అటుంచండి, సవతి గర్భం కూడా కుదరదు. మక్కాలోని ఫిఖ్ మండలి అనే మరో పండితుల సంస్థ 1984లో సవతికి సరేనని, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. పిండం పెట్టించుకున్న ఆవిడ అదే సమయంలో భర్త వల్ల సొంతంగానూ గర్భం దాలిస్తే ఏ బిడ్డ ఏ తల్లిదో తేలదు కదా. వంశం, వారసత్వం, ఎవరిని పెళ్లాడకూడదన్న లెక్క అన్నీ దాని మీదే నిలబడ్డాయి.

షియాల దారి కొంత వేరు. ఇరాన్‌లో ఖమేనీ 1999లో దాత అండానికీ, వీర్యానికీ షరతులతో అనుమతి ఇచ్చారు. 2003లో ఎంబ్రియో (పిండం) దానానికి చట్టమే వచ్చింది. షియా పండితులందరూ ఆయనతో ఏకీభవించరు.

రంజాన్ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. రోజా (ఉపవాసం) పోతుందని, గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్ హార్మోన్ యోని మాత్రలు మానేసే ఆడవాళ్లున్నారు. హార్మోన్లతో సిద్ధం చేసిన గర్భంలో ఫ్రీజ్ చేసిన పిండాన్ని పెట్టినప్పుడు అండం విడుదలై ఉండదు, కాబట్టి అండాశయం నుంచి ప్రొజెస్టరాన్ రాదు. మావి ఆ పని అందుకునేదాకా, అంటే సుమారు పది వారాలు, బయటి నుంచి ఇచ్చేదే ఆధారం. మధ్యలో ఆపితే గర్భం పోవచ్చు. ఆ మాత్రలు గానీ, పోషకాలు లేని ఇంజెక్షన్లు గానీ రోజాను భంగపరచవని, ఇందాక చెప్పిన ఫిఖ్ అకాడమీయే 1997లో తీర్మానించింది. కాదనే పండితుల మాట వినేవాళ్లు, మాత్రలు మానే బదులు ఇంజెక్షన్ రూపంలో ఇవ్వమని డాక్టరును అడగాలి.

ఇక క్లినిక్కులు. అండాలు తీసే రోజు పొద్దున, మత్తు ఇవ్వబోయే ముందు, అంగీకార పత్రాల కట్ట చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. మిగిలిన పిండాలను ఏం చేయాలి, ఒకరు చనిపోతే ఏం చేయాలి, విడాకులైతే ఏం చేయాలి అన్న గడులు అందులోనే ఉంటాయి. ఎంబ్రియో దానం గడిలో తెలియక టిక్కు పెడితే, అకాడమీ కాదన్న పద్ధతికి తమ చేత్తోనే ఒప్పుకున్నట్టు. మిగిలేవి ఉండకుండా కావలసినన్ని అండాలనే ఫలదీకరించమని అకాడమీ 1990లోనే చెప్పింది. ఆ మాట దంపతులకు చెప్పేదెవరు?

ల్యాబులో దంపతుల పేరు రాయాల్సింది పిండాన్ని పెంచే చిన్న పళ్లెం, అంటే డిష్, మూత మీద కాదు, డిష్ మీద, మూతలు మారిపోతాయి. వీర్యం కలిపేటప్పుడు, పిండాన్ని డిష్ మార్చేటప్పుడు, ఫ్రీజ్ చేసేటప్పుడు, గర్భంలో పెట్టేటప్పుడు రెండో మనిషి పక్కన నిలబడి పేర్లు సరిచూసి సంతకం పెట్టాలి. చాలాచోట్ల ఆ రెండో సంతకాలన్నీ సాయంత్రం ఒకేసారి, ఒకే పెన్నుతో పడతాయి. తనిఖీకి వచ్చే దొరలు జనరేటరు, అగ్నిమాపక సిలిండర్లు చూసి, టీ తాగి వెళ్లిపోతారు. ఆ రిజిస్టరు తెరవమని అడిగే నాథుడు లేడు.

— ఒక పాఠకుడు