గీజర్ కింద పైపు మీద ఏం రాసుందో చూశారా?

ఎడిటర్ గారికి,

నమస్కారం. నేను నిజాంపేటలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల టీచర్‌ను. సొంత ఇల్లు కొనుక్కోబోతున్నవాళ్లు ఎవరైనా చదువుతారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక రీసేల్ ఫ్లాట్ కొన్నాం. ఇంటి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో చూసుకోవడానికి ఈసీ తీయించాం. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించాం. బ్యాంకు తరఫున వచ్చినాయన గదులు కొలుచుకుని ఫొటోలు తీసుకెళ్లారు. వాస్తు చూసే ఆయన్ను కూడా పిలిచాం. ప్లంబర్‌ను మాత్రం పిలవలేదు. కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి, ఇంకేం కావాలి అనుకున్నాం.

ముందున్నవాళ్లు లోపలి బాత్రూమ్ పెద్దగా వాడలేదట. గీజర్ మేమే పెట్టించాం. చలికాలం మొదలైన నెలన్నరకు ఆ బాత్రూమ్‌ను ఆనుకున్న పడకగది గోడ మీద రంగు పొక్కులు లేచింది. బీరువా వెనక గోరుతో గీకితే తెల్లగా ఉప్పులా రాలింది. వాన నీళ్ల చెమ్మ అయి ఉంటుందని మావారు పుట్టీ పెట్టించి రంగు వేయించారు. పది రోజులు తిరగకుండానే కింది ఫ్లాట్ ఆవిడ వచ్చి, తమ సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయని చెప్పారు.

టైల్స్ పగలగొట్టించాం. బయటికి కనిపించే పైపు మీగడ రంగులో ఉంది. వేడినీళ్లకు వాడే సీపీవీసీ పైపు అదే. గోడ లోపలికి నాలుగు అంగుళాలు వెళ్లాక రెండు పైపులను కలిపే కాలర్ ఒకటి ఉంది. దాని తర్వాత షవర్ దాకా తెల్లటి యూపీవీసీ పైపు వేశారు. అది చన్నీళ్లకు మాత్రమే పనికొస్తుంది, 45 డిగ్రీల వేడి దాటితే వాడకూడదు. ఆ తెల్ల పైపు ఎల్బో దగ్గర బొటనవేలంత మేర ఉబ్బి, అతుకులోంచి సగం జారి ఉంది. వేలితో తోస్తే కదిలింది. ప్లంబర్ దాన్ని బయటికి లాగి, "గిది సల్ల నీళ్ల పైపమ్మా, ఉడుకు నీళ్లకు ఎట్ల ఆగుతది?" అన్నాడు. పైపు తుడిచి చూపిస్తే దాని మీద ఐఎస్ 4985 అని స్పష్టంగా ఉంది. ఏ భారతీయ ప్రమాణం ప్రకారం తయారైందో చెప్పే నంబరు అది. వేడినీళ్ల పైపు అయితే ఐఎస్ 15778 అని ఉండాలట. అంటే ఆ పని చేసినవాళ్లకు తెలియక కాదు. కంటికి కనిపించే ముక్క ఒకటి, కనిపించని ముక్క ఇంకొకటి వేశారు. నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది అదే.

అన్నీ కలిపి 62 వేలు అయింది. ఆ డిజైన్ టైల్స్ ఇప్పుడు రావడం లేదు. ఒక గోడ మొత్తం వేరే రంగులో ఉంటుంది.

ఈ గొడవలో ఉండగానే హ్యూస్టన్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడూ అప్పుడే పాత ఇల్లు ఒకటి చూసుకున్నాడు. అక్కడ కొనేవాళ్లు డబ్బు కట్టి ఇంటిని తనిఖీ చేయించుకుంటారు. ఆ వచ్చినాయన వాటర్ హీటర్ పక్కన టార్చి వేసి, బూడిద రంగు పైపు మీద పీబీ 2110 అన్న అక్షరాలు చూపించాడట. అది పాలీబ్యూటిలీన్ పైపు. 1978 నుంచి 1995 వరకు అమెరికాలో లక్షల ఇళ్లలో వేశారు. నీళ్లలో కలిపే క్లోరిన్‌కు పైపూ అతుకులూ లోపలి నుంచి పెళుసుబారి, పైకి బాగానే కనిపిస్తూ ఒకరోజు పగిలిపోతాయి. 1995లో కోర్టులో రాజీ కుదిరి, వాటి తయారీతో సంబంధమున్న కంపెనీలు ఇళ్లవాళ్లకు కనీసం 95 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. "పైపులన్నీ మార్పించే ఖర్చు రేటులో తగ్గించమన్నాను అత్తా, ఒప్పుకున్నారు" అన్నాడు వాడు. ఆ మాట వింటుంటే మా పడకగది గోడే కళ్ల ముందు మెదిలింది.

ఆ రకం పైపు మనకు ఎదురు కాకపోవచ్చు. కానీ పైపు మీద రాత ఇక్కడా ఉంటుంది, చదివేవాళ్లే లేరు. సింకు కింద, డక్టులో, టెర్రస్ మీద ట్యాంకు దగ్గర పైపులు బయటికే ఉంటాయి. ఐఎస్ 13592 అని కనిపిస్తే అది మురుగునీటి పైపు, మంచినీళ్ల లైనులో ఉండకూడదు. ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. మేము అదీ నేర్చుకున్నాం. టెర్రస్ మీద ఎండకు పసుపుబారి, చేత్తో రాస్తే సుద్దపొడి అంటుతున్న పైపులు పెళుసెక్కినట్టే. గోడలోవి కనిపించవు కాబట్టి, ప్లంబర్ చేత ప్రెషర్ పంపు పెట్టించి, దాని మీటరు ముల్లు కాసేపు పడిపోకుండా నిలుస్తుందో లేదో చూడాలి. చన్నీళ్ల పైపు వేసి ఉంటే ఆ పరీక్షలో బయటపడదు. అందుకే బాత్రూమ్‌కు అవతలి గోడను, ముఖ్యంగా బీరువాలు జరిపించి మరీ చూడమంటున్నాను. ఇల్లు చూపించేవాళ్లు మొహమాటపెట్టినా సరే.

కొత్త ఫ్లాట్ కొనేవాళ్లకు రెరా, అంటే బిల్డర్లను నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టం, కొంత అండ. ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు పనిలో, నాణ్యతలో లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 14వ సెక్షన్ చెబుతోంది. మాకు ఆ గడువు దాటిపోయింది. కానీ ఐదేళ్ల తర్వాత బయటపడే లోపాల మాటేమిటి? టైల్స్ వేయకముందే ప్రతి బాత్రూమ్ గోడను ఫొటో తీసి, తాళాలతో పాటు కొనేవాళ్ల చేతికి ఇవ్వాలని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. ఫోన్‌లో తీసే ఫొటోలకు బిల్డర్‌కు ఖర్చేమీ లేదు. ఆ ఫొటో ఉంటే మేకు కొట్టాలన్నా టెన్షన్ ఉండదు.

ఉబ్బిన ఆ పైపు ముక్కను నేను పారేయలేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తు ఫ్లాట్ ఒకటి అమ్మకానికి ఉంది. గత నెలలో ఆ ఇంటాయనకు ముక్క చూపించి విషయం చెప్పాను. కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను, కానీ మర్నాడే ఆయన తనంతట తాను గోడ తెరిపించారు. కాలర్ వెనక అక్కడా తెల్ల పైపే ఉంది. ఆయన లైను మార్పించారు, ఈసారి టైల్స్ వేయకముందు ఫొటో తీయించి పెట్టుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నిజాంపేట, హైదరాబాద్