రెండు నిమిషాల మౌనం, ఆపై స్లిప్ టెస్టు

సంపాదకులకు,

మా అమ్మాయి హనుమకొండలోని ఒక పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. నిరుడు తన తరగతి అబ్బాయి ఒకరు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి రోజు ప్రార్థనలో రెండు నిమిషాల మౌనం పాటించారు. ఆ వెంటనే గణితం స్లిప్ టెస్టు! ఆ బెంచీలో పక్కన కూర్చునే పిల్లవాడు వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదట. ఉపాధ్యాయులను తప్పుపట్టను. వాళ్లూ ఏడ్చారు, కానీ అలాంటప్పుడు పిల్లలకు ఏం చెప్పాలో వాళ్లకెవరూ నేర్పలేదు.

అందుకే బడికో కౌన్సెలర్ కావాలంటున్నాను. కౌన్సెలర్ పని ఉపన్యాసం ఇవ్వడం కాదు. జరిగిందేమిటో దాచకుండా చెప్పాలి. ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరు అన్నం మానేశారో కనిపెట్టాలి. అవసరమైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించింది. మా బడిలో ఆ బాధ్యత పీఈటీ సారుకు అప్పగించారు (ఆయన మంచివారే, అది వేరే సంగతి). మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద ఉంది. బడికి ఫోను తేవడం మాత్రం నిషేధం.

జిల్లా విద్యాశాఖ కనీసం మండలానికొక కౌన్సెలర్‌నైనా ఈ ఏడాదే నియమించాలి.

– ఒక తల్లి, హనుమకొండ