జింకల జాడ చూడకుండా నేల చదును చేయవద్దు

సంపాదకులకు,

నగరం అంచున మిగిలిన ఖాళీ నేల మీద వివాదం రేగిన ప్రతిసారీ అక్కడ జింకలు ఉన్నాయా, లేవా అన్న వాదన మొదలవుతోంది. హైదరాబాద్ అంచున కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలోనూ అంతే జరిగింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించే నాటికే యంత్రాలు చాలా మేర పని కానిచ్చేశాయి. చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్న మనం దాని ఉనికిని మాత్రం ఫోటోలతోనే తేల్చుకోవాలని చూస్తున్నాం.

పగటిపూట జీపులో చుట్టి వచ్చినవారికి ఆడజింకల మంద కనబడవచ్చు గాని, మందకూ మందకూ మధ్య తిరిగే మగది తరచు పొదల మాటునే ఉండిపోతుంది. దాని రాకపోకలు తెలియాలంటే జాడలు చూడాలి. చుక్కల జింకలో మగదానికి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కొత్త కొమ్ముల మీది నూగుచర్మం ఎండినప్పుడు, ఆ తర్వాత జతకట్టే కాలంలోనూ, అది చిన్న చెట్ల కాండాలకు కొమ్ములు రుద్దుతుంది. రాపిడి కొత్తదైతే బెరడు ఊడిన చోట చెక్క తడిగా, లేతగా ఉండి అంచుల్లో పీచు వేలాడుతుంది, పాతదైతే ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. ఒక్క చెట్టు మీది గుర్తును బట్టి అది ఒకసారి అటు వచ్చిందని మాత్రమే చెప్పగలం. పాత రాపిళ్లూ కొత్త రాపిళ్లూ పక్కపక్కనే ఉండి, గిట్టల గుర్తులు నీటివైపు సాగుతుంటే అది దాని నిత్యమార్గమని నమ్మవచ్చు. పైగా మన ప్రాంతంలో మగవాటన్నిటికీ ఒకే నెలలో కొమ్ములు ముదరవు కాబట్టి ఒక్క వారం సర్వేతో తేల్చేయడం కుదరదు.

మా వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానంలో ఉన్న కృష్ణజింకల సంగతి వేరు. వాటి కొమ్ములు రాలవు. మగది తన హద్దులో ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి పెంటికలు వేస్తుంది. ఆ కుప్పలో పైన నల్లగా నిగనిగలాడేవి తాజావి, అడుగున బూడిదరంగులో పొడిపొడిగా రాలేవి పాతవి. రెండూ కలిసి ఉన్నాయంటే ఆ హద్దు ఇంకా దాని అధీనంలోనే ఉందన్నమాట.

అవన్నీ మేకల గుర్తులేనని కొట్టిపారేసేవారూ ఉన్నారు. మేకల మంద వెంట కాపరి చెప్పుల అచ్చులు కూడా ఉంటాయి. జింక గిట్ట సన్నగా, మొనదేలి ఉంటుంది. పరుగెత్తినప్పుడు ఆ గిట్ట రెండుగా విచ్చుకుని లోతుగా దిగుతుంది. అలాంటి గుర్తుల వెంటే కుక్కల అడుగులూ కనబడితే అక్కడ వేట జరిగిందని అనుమానించాలి.

ఈ పని తెలిసినవారు మనకు లేకపోలేదు. నాలుగేళ్లకోసారి జరిగే పులుల అంచనాలో అటవీ సిబ్బంది పెంటికలను లెక్కిస్తూనే ఉన్నారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచులు వాచర్లుగా పనిచేస్తున్నారు. అటువంటి వారితో, తవ్వకానికైనా ప్రహరీకైనా ముందు, వేసవిలో ఒకసారి, వానల తర్వాత మరోసారి జాడల సర్వే చేయించాలని కోరుతున్నాను. స్థలం అభివృద్ధి చేసే సంస్థ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటుకు ఈ బాధ్యత అప్పగించరాదు. జింకల దారులు గుర్తించిన పటాన్ని టెండరు పిలవడానికి ముందే ప్రజల ముందు ఉంచి, ఆ దారులు ఉన్న చోట గోడ కట్టకుండా వదిలేయాలి.

– ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్