ఎన్ స్కేల్ ఇత్తడి ఇంజన్‌లో లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఏసీ-12 క్యాబ్ ఫార్వర్డ్ ఇత్తడి ఇంజన్ కుంటుతూ నడవడం, వంపుల్లో షార్ట్ కావడం, తప్పు నంబరుతో రావడం, దీనిపై మీరిచ్చిన జవాబుకు అభ్యంతరం.

అయ్యా,

మీ కంపెనీ దగ్గర కొన్న మోడల్ రైలు ఇంజన్ గురించి ఇది నా మూడో ఉత్తరం. మొదటి రెండింటికీ కలిపి మీ ఆఫీసు నుంచి ఒకే జవాబు వచ్చింది, అదీ నాలుగు లైన్లు. ఇది కలెక్టర్ల కోసం చేసిన మోడల్ అనీ, ముఖ్యంగా ప్రదర్శనకు ఉద్దేశించినదనీ, కాబట్టి నడకలో చిన్న చిన్న తేడాలు లోపాల కిందకు రావనీ రాశారు. ఇంజన్ సరిగ్గా నడవనందుకు పడ్డ బాధ కంటే ఆ నాలుగు లైన్లు చదివినప్పుడు పడ్డ బాధ ఎక్కువ. అందుకే ఈసారి మొదటి నుంచీ వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ఇరవై రెండేళ్లుగా ఎన్ స్కేల్ అనే చిన్న సైజు మోడల్ రైళ్లు నడుపుతున్నాను. నా దగ్గర ఎక్కువగా ఉన్నవి ప్లాస్టిక్ ఇంజన్లే. ఇత్తడివి ఐదున్నాయి, ఒక్కొక్కటి కొనడానికీ మధ్యలో ఏళ్లు పట్టింది. మీది ఆరోది. అమెరికా రైల్వే కంపెనీ సదరన్ పసిఫిక్ వాళ్ల క్యాబ్ ఫార్వర్డ్ ఆవిరి ఇంజన్ మీద నాకు మొదటి నుంచీ విపరీతమైన ఇష్టం. సియెర్రా నెవాడా కొండల్లో సొరంగాలు ఎక్కువ, మంచు పడకుండా పట్టాల మీద కట్టిన పొడవాటి షెడ్లు ఎక్కువ. మామూలు ఆవిరి ఇంజన్‌లో పొగగొట్టం ముందు, డ్రైవర్ వెనక ఉంటారు కాబట్టి ఆ సొరంగాల్లో పొగంతా డ్రైవర్ మొహానికే కొట్టేది, ఊపిరాడేది కాదు. దాంతో ఇంజన్‌నే వెనక్కి తిప్పేసి డ్రైవర్ గదిని, అంటే క్యాబ్‌ని, ముందుకు తెచ్చారు. బొగ్గు బదులు నూనెతో మండే ఇంజన్ కాబట్టి టెండర్ (ఇంజన్ వెనక ఇంధనం, నీళ్లు మోసే బండి) నుంచి గొట్టం ద్వారా ఇంధనం అంత దూరం తేవడం కుదిరింది. ఆ వరుసలో ఆఖరిది ఏసీ-12 తరగతికి చెందిన 4294 నంబరు ఇంజన్. 1944లో బాల్డ్విన్ కార్ఖానాలో తయారైంది. క్యాబ్ ఫార్వర్డ్‌లలో ఈ రోజు మిగిలింది అదొక్కటే, శాక్రమెంటోలో కాలిఫోర్నియా రాష్ట్ర రైల్‌రోడ్ మ్యూజియంలో ఉంది. మీ ప్రకటనలో 4294 అని చూసిన రోజే బుక్ చేశాను. అడ్వాన్స్ కట్టి పద్నాలుగు నెలలు ఎదురు చూశాను. ఆలస్యం గురించి నాకే ఫిర్యాదూ లేదు. చేత్తో చేసే పనికి టైమ్ పడుతుంది, ఆ సంగతి తెలిసే కొన్నాను.

పెట్టె విప్పగానే మొదట కనిపించింది బాయిలర్ పైభాగం. దాని మీద ఫోమ్ అచ్చు పడి ఉంది. రంగు పూర్తిగా ఆరకముందే ఇంజన్‌ని ఫోమ్‌లో బిగించి పెట్టినట్టున్నారు, స్పాంజ్ రంధ్రాల గుర్తులు రంగులోకి దిగిపోయాయి. దీపం పక్క నుంచి పడితే స్పష్టంగా కనిపిస్తాయి. ఫోటోలు జతచేశాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటి ఫోమ్ కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరిగి, జిగురు జిగురుగా పొడి రాలి, ఇత్తడికీ రంగుకీ అంటుకుపోతుందని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. నా దగ్గరున్న ఒక పాత జపాన్ ఇంజన్ టెండర్‌ని దాన్నుంచి విడిపించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పటికీ మీరు అదే రకం ఫోమ్ వాడుతున్నారు.

అసలు సమస్య నడకలో ఉంది. మీ మాన్యువల్ చెప్పినట్టే చుక్క నూనె వేసి, తక్కువ వోల్టేజీలో అరగంట ముందుకీ అరగంట వెనక్కీ తిప్పాను. ఇంజన్ కుంటుతోంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒకసారి ఆగినట్టయి మళ్లీ ఊపందుకుంటుంది. వేగంగా పోతే అంతగా తెలియదు. నెమ్మదిగా, సరుకు బండిని కొండ ఎక్కిస్తున్నట్టు నడిపితే టెండర్ దాకా ఆ కుదుపు కనిపిస్తుంది. ఈ ఇంజన్ అందమంతా ఆ నెమ్మది నడకలోనే ఉంది కదా.

లోపం ఎక్కడుందో నేనే వెతికాను. మోటార్ నుంచి గేర్‌బాక్స్‌లకు పోయే చిన్న సిలికాన్ గొట్టాలను ఊడదీసి, షాఫ్ట్‌లను వేళ్లతో తిప్పి చూశాను. ముందున్న నాలుగు జతల చక్రాలు వెన్నలా తిరిగాయి. టెండర్ వైపున్న నాలుగు జతలు మాత్రం ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేస్తున్నాయి. రెండు పక్కలా సైడ్ రాడ్లు (చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీలు) తీసేస్తే అవీ హాయిగా తిరిగాయి. అంటే గేర్లలో తప్పు లేదు. తర్వాత ఎడమ పక్క రాడ్ మాత్రం బిగించి, కుడి పక్క ఖాళీగా ఉంచి చూశాను. ఎడమ క్రాంక్ పిన్నులన్నీ (చక్రాలకు రాడ్‌ను తగిలించే పిన్నులు) అడుగుకు వచ్చినప్పుడు కుడి పిన్నులు నాలుగూ ఇరుసుల ఎత్తులో ఒకే గీత మీద ఉండాలి. రెండు పక్కల మధ్య 90 డిగ్రీల తేడా ఉండాలి కాబట్టి. మేం దీన్నే క్వార్టరింగ్ అంటాం, మీకు నేను చెప్పక్కర్లేదు. మూడో ఇరుసు పిన్ను ఆ గీత కంటే వెంట్రుకవాసి కిందకు ఉంది. భూతద్దం కింద పెట్టి స్టీలు స్కేలు అంచు ఆనించి ఫోటో తీశాను, చూడండి.

వెంట్రుకవాసికి ఇంత గొడవా అని మీ ఆఫీసులో ఎవరికైనా అనిపించవచ్చు. ఎన్ స్కేల్ అంటే 160వ వంతు. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. ఈ ఇంజన్ పెద్ద చక్రమే 10 మిల్లీమీటర్ల చిల్లర. మోడల్ మీద ఒక్క మిల్లీమీటరు అంటే అసలు ఇంజన్ మీద 16 సెంటీమీటర్లు. పెద్ద స్కేల్‌లో పిన్నుకీ రాడ్ రంధ్రానికీ మధ్య ఉండే వదులు కాస్త తప్పుని సర్దేస్తుంది. ఇక్కడ ఆ వదులుకు చోటు లేదు. అసెంబ్లీ చేసినవాళ్లు రాడ్లు బిగించాక షాఫ్ట్‌ని ఒక్కసారి వేళ్లతో తిప్పి ఉంటే ఈ తప్పు అక్కడే దొరికేది. పెట్టెలో మాత్రం "నడిపి పరీక్షించినది" అని సంతకం చేసిన చీటీ ఉంది. దాని నకలు కూడా జతచేశాను.

రెండోది షార్ట్. ఇలాంటి ఇత్తడి ఇంజన్లలో ఒక పక్క చక్రాలకు ఇన్సులేషన్ ఉంటుంది. ఇంజన్ ఒక పట్టా నుంచి, టెండర్ రెండో పట్టా నుంచి కరెంటు తీసుకుంటాయి. ఇన్సులేషన్ ఉన్న పక్క చక్రం అంచు ఇంజన్ ఇత్తడికి ఎక్కడ తగిలినా షార్టే. మీ ఇంజన్‌లో ఒక బ్రేక్ షూ చక్రానికి మరీ దగ్గరగా ఉంది. తిన్నటి పట్టాల మీద ఏమీ కాదు. వంపులో ఇరుసు ఆ కాస్త పక్కకు జరగ్గానే షూ తగులుతుంది, కంట్రోలర్ ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. గదిలో లైట్లు ఆపి చూస్తే తగిలిన చోట సన్నటి నీలి మెరుపు కనిపించింది. నా వంపు మీ మాన్యువల్ చెప్పిన కనీస కొలత కంటే వెడల్పైనదే.

డీసీసీకి, అంటే పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపి ఇంజన్‌ని నడిపే పద్ధతికి, సిద్ధంగా ఉందని మీరు రాసిన మాట కూడా నిజం కాదు. ఆ సంకేతాలను చదివే డీకోడర్ పెట్టే ముందు అలవాటుగా మల్టీమీటర్‌తో చూశాను. మోటార్‌లోకి కరెంటు చేర్చే బ్రష్‌లలో ఒకటి ఇంజన్ చట్రానికి కలిసే ఉంది. చూడకుండా వైర్లు కలిపి ఉంటే డీకోడర్ కాలిపోయేది. మీ మాట నమ్మి నేరుగా కలిపినవాళ్లు ఎంతమంది ఉన్నారో అని నాకు టెన్షన్‌గా ఉంది.

ఇక నంబరు. నేను అడిగింది, మీరు రసీదులో రాసింది, సర్టిఫికెట్ మీద ఉన్నది 4294. ఇంజన్ మీద ఉన్నది 4274. ఒక్క అంకె తేడాయే కదా, దూరానికి కనిపించదు అని మీ ఉద్యోగి ఫోన్‌లో అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కాదనను. కానీ ఏసీ-12 తరగతి ఇంజన్ల నంబర్లు 4275 నుంచి 4294 వరకు. 4274 అనేది దాని ముందు తరగతి, ఏసీ-11లో ఆఖరి ఇంజన్. అంటే నా అలమారాలో ఉన్నది ఎప్పుడూ లేని ఒక ఏసీ-12. మ్యూజియంలో నిలబడి ఉన్న ఆ ఒక్క ఇంజన్ కోసమే కదా నేను పద్నాలుగు నెలలు ఆగింది.

ఇప్పుడు మీ "ప్రదర్శన" మాటకు వస్తాను. ఇత్తడి ఇంజన్లను పెట్టెలోంచి తీయకుండా దాచుకునేవాళ్లు ఉన్నారు. నా స్నేహితుల్లోనే ఉన్నారు, వాళ్లను తప్పు పట్టను. జపాన్ వర్క్‌షాపుల్లో చేసిన పాత ఇత్తడి ఇంజన్లలో చాలా వాటికి మోటార్లు, గేర్లు నాసిగా ఉండేవన్నదీ నిజమే. అప్పట్లో అందరూ సర్దుకుపోయారు, ఎందుకంటే ఆ రూపంలో, ఆ వివరాలతో ఇంజన్ ఇంకెక్కడా దొరికేది కాదు. పనితనం తర్వాత కొరియాకు, అక్కణ్నుంచి చైనాకు వెళ్లింది, మోటార్లు బాగుపడ్డాయి, గేర్‌బాక్స్‌లు బాగుపడ్డాయి. మామూలు ప్లాస్టిక్ ఇంజన్ కూడా ఇవాళ పాకుతున్నంత నెమ్మదిగా, కుదుపు లేకుండా నడుస్తోంది. అలాంటప్పుడు దానికి ఎన్నో రెట్లు పోసి కొన్న ఇత్తడి ఇంజన్‌కు మాత్రం నడక అడగొద్దంటే ఎలా?

పైగా మీ ఇంజన్‌లో చేతిపని గొప్పగా ఉంది. ఇది మనసులోంచి రాస్తున్న మాట. బాయిలర్ పక్కన వెంట్రుకంత సన్నటి పైపులు ఒక్కొక్కటీ విడిగా వంచి టంకం పెట్టారు. మైనపు అచ్చుతో పోసిన పంపుల మీద బోల్టు తలలు లెక్కపెట్టవచ్చు. టంకం ఎక్కడా బయటికి పొంగలేదు. అంత ఓపికగా పనిచేసిన మనిషి ఎవరో గానీ, ఆ పని నడవని ఇంజన్‌తో ముగియడం ఆ మనిషికీ న్యాయం కాదు. నడవనవసరం లేని బొమ్మే అయితే లోపల మోటార్ ఎందుకు, సైడ్ రాడ్లు కదిలేలా ఎందుకు, నడిపి పరీక్షించామన్న చీటీ ఎందుకు?

నాకు డబ్బు వాపసు అక్కర్లేదు, ఇంజన్ కావాలి. టెండర్ వైపు చక్రాల మూడో ఇరుసును మార్చి, క్వార్టరింగ్ సరిచేసి, మీరు చెప్పిన కనీస వంపు మీద రెండు దిక్కులా నెమ్మదిగా నడిపి చూసి పంపండి. వీలైతే ఆ వీడియో కూడా పంపండి. బ్రేక్ షూను వెనక్కి జరపాలి, బ్రష్‌ను చట్రం నుంచి వేరు చేయాలి. నంబరు 4294గా మార్చాలి. క్యాబ్‌కూ బాయిలర్ పైభాగానికీ మళ్లీ రంగు వేసి, పూర్తిగా ఆరాకే ప్యాక్ చేయాలి. ఇంజన్‌కూ ఫోమ్‌కూ మధ్య కనీసం పాలిథీన్ షీట్ చుట్టాలి. రానుపోను ఖర్చు, ఇన్సూరెన్స్ మీరే భరించాలి. దారిలో దెబ్బతింటే దీనికి బదులు ఇంకోటి దొరకదు, ఇన్సూరెన్స్ గురించి ఇంతగా చెప్పేది అందుకే. ఇవన్నీ చేయడం మీకు కుదరకపోతే ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పండి, అప్పుడు మాత్రం పూర్తి డబ్బు వాపసు అడుగుతాను.

మోటార్ బ్రష్ విషయం నా ఒక్కడి కోసం అడగడం లేదు. ఈ బ్యాచ్‌లో ఇంజన్ కొన్న ప్రతి ఒక్కరికీ డీకోడర్ పెట్టే ముందు చూసుకోమని వెంటనే చెప్పండి. కొన్నవాళ్ల పేర్లన్నీ సర్టిఫికెట్ నంబర్లతో సహా మీ దగ్గర ఉన్నాయి, ఒక్క రోజు పని.

ఇంజన్‌ని విప్పింది మీ మాన్యువల్ చూపించిన స్క్రూల వరకే. గేర్‌బాక్స్ మూత తెరవలేదు, దాని మీద మీ సీలు అలాగే ఉంది. రాడ్లు తిరిగి బిగించి, పలచటి కాగితంలో చుట్టి, పెట్టెలో సిద్ధంగా ఉంచాను. ఏ చిరునామాకు పంపాలో రాస్తే మర్నాడే పంపుతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతచేసినవి: రసీదు నకలు, సర్టిఫికెట్ నకలు, పరీక్ష చీటీ నకలు, పదకొండు ఫోటోలు.