జూనియర్ లాయర్ స్టైపెండ్ ఎవరు కట్టాలి సార్?

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను చిన్న టౌన్లో సివిల్ దావాలు, బెయిళ్ళు, యాక్సిడెంట్ కేసులు చూసుకునే అడ్వకేట్‌ని సార్. ఆఫీసంటే మేడ మీద రెండు గదులు, ఒక గుమాస్తా, ఇద్దరు జూనియర్లు, అంతే. 2024 అక్టోబర్లో లాయర్ల మీద పైసంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది, జూనియర్‌కి సిటీల్లో నెలకి 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని. మంచి మాటే, కానీ అది సలహా మాత్రమే, ఆ డబ్బు ఎక్కడ్నుంచి రావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా దగ్గర ఫీజు ఒకేసారి ఇచ్చే క్లయింట్ ఎక్కడ సార్? దావా వేసేటప్పుడు కొంత ఇచ్చి మిగతాది పంట అమ్మాక ఇస్తానంటాడు, ఏ ఏడు పంటో చెప్పడు. యాక్సిడెంట్ కేసైతే అవార్డు, అంటే పరిహారం తీర్పు, వచ్చి ఇన్సూరెన్స్ వాళ్ళు డిపాజిట్ చేసేదాకా ఫీజు ఊసే ఉండదు. ఇందులోంచి ఇద్దరికి నెలకి 30 వేలు ఎలా తియ్యాలి.

పోనీ వాళ్ళకి పని తక్కువా అంటే పొద్దున్నే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు చూసుకోవడం దగ్గర మొదలు, క్లయింట్ వాట్సాప్‌లో పంపిన దస్తావేజు ఫోటోలో సగం పేజీ మీద బొటనవేలు ఉంటే మళ్ళీ ఒరిజినల్ తెప్పించి, స్కాన్ చేసి, పీడీఎఫ్ అప్‌లోడ్ చేసి, మళ్ళీ అదే సెట్టు ప్రింట్ తీసి ఫైలింగ్‌లో ఇచ్చేదాకా అంతా వాళ్ళే. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక ఇంకా ఎక్కువైంది. మా తరానికి పాత సీఆర్పీసీలో 482 అంటే ఎఫ్ఐఆర్ కొట్టేయమని (క్వాష్) హైకోర్టుకి వెళ్ళే సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 ముందస్తు బెయిల్, క్వాష్ 528కి పోయింది. పిటిషన్ మీద నంబర్లు సరిచూసేది ఆ పిల్లలే సార్, మేం కాదు.

వేరే ఉద్యోగం చేసుకుందామన్నా ప్రాక్టీస్‌లో ఉండగా ఫుల్ టైమ్ జీతానికి చేరకూడదని రూలు. దాంతో ఇంట్లో పెట్టగలిగినవాళ్ళ పిల్లలే నిలబడుతున్నారు, మిగతావాళ్ళు బ్యాంకు పరీక్షలకి పోతున్నారు. లాయర్‌గా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750, ఎస్సీ ఎస్టీలకి 125 దాటకూడదని సుప్రీంకోర్టు 2024లోనే తేల్చింది, సంతోషం, కానీ నల్లకోటు వేసుకున్నాక నెల గడిచేదెలా?

గవర్నమెంట్ ఇవ్వలేదా అంటే ఆంధ్రాలో 2019లో లా నేస్తం పథకం కింద జూనియర్ లాయర్లకి మొదటి మూడేళ్ళు నెలకి 5 వేలు ఇవ్వడం మొదలుపెట్టారు కదా. కోర్టుల్ని కంప్యూటరైజ్ చేసే ఈ-కోర్ట్స్ మూడో దశకి మీరే 7,210 కోట్లు పెట్టారు, ఆ కంప్యూటర్లలోకి ఫైళ్ళు ఎక్కించేవాడికి మాత్రం పైసా లేదు.

2025 ఫిబ్రవరిలో అడ్వకేట్స్ సవరణ బిల్లు డ్రాఫ్ట్ పెట్టి, మేం గొడవ చేస్తే వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ తెచ్చేటప్పుడు, లాయర్ల కోర్టు బాయ్‌కాట్లు ఎలా ఆపాలో ఆలోచించినంత శ్రద్ధగా దీన్నీ ఆలోచించండి. మొదటి మూడేళ్ళు స్టైపెండ్, కేంద్రం సగం రాష్ట్రం సగం. ఇంకో మాట, డబ్బు నేరుగా జూనియర్ అకౌంట్‌లోనే వెయ్యండి, దయచేసి సీనియర్ల చేతికి మాత్రం ఇవ్వొద్దు.